లప్పం కింద లప్పం: పాత కార్ల రేకు దాచిన చరిత్ర

బ్రిటన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీ అనే చిన్న స్పోర్ట్స్ కారు షెడ్డుకు వస్తే, తెలిసినవాళ్లు ముందు చూసేది సిల్లునే. అంటే తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టె లాంటి రేకు భాగం. పైకి రంగు అద్దంలా మెరుస్తుంటుంది. గ్రైండర్ ఆనిస్తే ఒక్కో పొరా బయటపడుతుంది. కొత్త రంగు, బూడిద రంగు ప్రైమరు, ఆ తర్వాత వేలెడు మందాన లప్పం, అంటే సొట్టలూ చిల్లులూ పూడ్చే ముద్ద. లప్పం కింద మళ్లీ పాత రంగు, దాని కింద అల్యూమినియం జాలీ, రివెట్లు కొట్టి నిలబెట్టిన రేకు ముక్క. దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన న్యూస్‌పేపరు. కారు అసలు రేకు మాత్రం గోధుమ రంగు పొడిగా చేతికి వస్తుంది.

లప్పం కింద పాత రంగు కనిపించడమే ఇక్కడ అసలు సాక్ష్యం. పని చేసినవాడు రేకు దాకా గీకనే లేదు. రంగు మీదే లప్పం పూశాడు. రంగు పట్టు వదిలిన రోజు లప్పం కూడా దానితోపాటే లేచిపోతుంది.

ఇలాంటివి బయటపడినప్పుడు కొన్నవాడు మోసపోయానంటాడు. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ పొరలన్నీ ఒకరు ఒకే ఉద్దేశంతో వేసినవి కావు.

లప్పం రాక ముందు ఆ పని సీసం చేసేది. కార్ల ఫ్యాక్టరీల్లోనే రెండు రేకులు కలిసే అతుకు మీద సీసం నింపి, ఆకురాయితో సాపు చేసేవారు. జాగ్వార్ ఈ-టైప్ బాడీ అతుకులు, 1960ల ఫోర్డ్ మస్టాంగ్‌లో రూఫు వెనక రేకుతో కలిసే చోటు ఇలా నింపినవే. మిశ్రమంలో సాధారణంగా 30 పాళ్లు తగరం, 70 పాళ్లు సీసం ఉండేవి. 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలై, 255 డిగ్రీల దగ్గర పూర్తిగా నీరవుతుంది. ఈ రెండింటి మధ్య అది వెన్నముద్దలా ఉంటుంది. ఆ వేడిని మంటతో నిలబెడుతూ, కొవ్వు రాసిన చెక్క బద్దతో రేకు మీద నెట్టుకుంటూ పోవాలి. కాస్త వేడి ఎక్కువైతే ముద్దంతా జారి నేల మీద పడుతుంది, మంట ఒకేచోట ఆగితే రేకు వంకర పోతుంది.

ఈ పద్ధతిలో ఒక కట్టుబాటు ఉంది. సీసం తుప్పుకు అంటదు, రంగుకు అంటదు. రేకును తళతళలాడేదాకా గీకి, ఫ్లక్సు (అతుకు పట్టేలా రేకును శుభ్రం చేసే మందు) రాసి, ముందు పల్చగా తగరం పూత ఎక్కించాలి. అప్పుడే పట్టుకుంటుంది. చిల్లు మీద వంతెనలా నిలబడటం దానివల్ల కాదు. కాబట్టి సీసంతో పని చేసేవాడు ఇష్టం ఉన్నా లేకపోయినా ముందు రేకును బాగు చేసుకోవాల్సిందే.

ఆ కట్టుబాటును పాలియెస్టర్ తెంచేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాలియెస్టర్ రెసిన్, అంటే గట్టిపడే జిగురు లాంటి పదార్థం, మార్కెట్లోకి వచ్చింది. 1950ల మధ్యలో అమెరికాలో ‘బాండో’ పేరుతో రెసిన్, టాల్కు కలిపిన ముద్ద అమ్మకానికి వచ్చింది. అదే మన లప్పం. టాల్కంటే మరేదో కాదు, మనం పలక మీద రాసిన బలపం రాయి పొడి. బ్రిటన్‌లో ‘ఐసోపాన్’, స్వీడన్ నుంచి వచ్చిన ‘ప్లాస్టిక్ ప్యాడింగ్’ ఇంటింటికీ తెలిసిన డబ్బాలయ్యాయి. మంట అక్కర్లేదు, ఏళ్ల తరబడి నేర్చుకోనక్కర్లేదు. గట్టిపరిచే మందు (హార్డనర్) కలిపి పూస్తే అరగంటలో రుద్దుడుకు సిద్ధం. పైగా తుప్పు మీదైనా, రంగు మీదైనా, జాలీ మీదైనా ఒక ఏడాదిపాటు పట్టుకుని ఉంటుంది. చిక్కంతా ఆ ఏడాది దగ్గరే మొదలైంది.

ఆ ఏడాదికి బ్రిటన్‌లో ఒక లెక్క కూడా కుదిరింది. 1960లో అక్కడ ఎంఓటీ పరీక్ష, అంటే బండి రోడ్డు మీద నడపడానికి తగునో లేదో చూసే తనిఖీ, మొదలైంది. మొదట పదేళ్లు దాటిన బళ్లకు బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ మాత్రమే చూసేవారు. 1967 నాటికి మూడేళ్ల బండికి కూడా ఏటా పరీక్ష తప్పనిసరైంది. 1977లో బాడీ నిర్మాణం, ఛాసిస్ పరిస్థితి కూడా తనిఖీలోకి వచ్చాయి. సిల్లు పుచ్చితే కారు ఫెయిలు. 15 ఏళ్ల ఎంజీబీకో, మోరిస్ మైనర్‌కో అప్పట్లో పెద్ద విలువ లేదు. కొత్త సిల్లు కొని వెల్డింగ్ చేయించే ఖర్చు కారు ధరను మించిపోయేది. యజమానికి కావలసింది ఇంకో 12 నెలల సర్టిఫికెట్. ఒక డబ్బా లప్పం, దాని మీద తారు లాంటి నల్లటి అండర్‌సీల్ ఆ పని కానిచ్చేవి. తనిఖీ చేసేవాడు తట్టి, నొక్కి చూడగలడే తప్ప విప్పి చూడటానికి వీల్లేదు. సీటు బెల్టు, సస్పెన్షన్ వంటివి బిగించే చోటు నుంచి 30 సెంటీమీటర్ల లోపు తుప్పును లప్పంతో పూడ్చడం ఒప్పుకోరు, రేకు వేసి చుట్టూ వెల్డింగ్ చేయాలి. అయినా కంటికి కనిపించనిదాన్ని ఎవరు పట్టుకుంటారు?

అందుకే 1970లు, 80ల నాటి లప్పాన్ని మోసం అని తీసిపారేయడం నాకు సబబుగా తోచదు. ఎలాగూ పాత సామానుకు పోయే కారును ఇంకో చలికాలం గట్టెక్కించుకున్నారు, అంతే. 50 ఏళ్ల తర్వాత దాన్ని మురిపెంగా కొంటారని వాళ్లు అనుకోలేదు.

తర్వాత లెక్క తిరగబడింది. పాత కార్లకు ధర వచ్చింది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ ఎంజీబీ బాడీని పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే మళ్లీ కొత్తగా తయారు చేయడం మొదలుపెట్టింది. రేకు దొరకదన్న సాకు అప్పటితో పోయింది. ఆ తర్వాత కూడా చిల్లు మీద లప్పం పూసి, మెరుగు పెట్టి, ‘రెస్టోర్డ్’ అని అమ్మేవాళ్లది వేరే జాతి. అది అచ్చంగా దాపరికమే. 2018 నుంచి బ్రిటన్‌లో పెద్దగా మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన కార్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. ఏడాదికోసారైనా కారు కిందికి తొంగిచూసే కన్ను కూడా అలా కొన్నింటికి లేకుండా పోయింది.

మన అంబాసిడర్‌కు ఈ కథతో రక్తసంబంధమే ఉంది. దాని బాడీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. దానికి లారీలా విడి ఛాసిస్ లేదు. ఫ్లోరు, సిల్లులు, పిల్లర్లు కలిసే బరువు మోస్తాయి. కాకినాడ, విశాఖ గాలిలో ఉప్పు ఎటూ ఉంది. కొత్త కారుకు ఏళ్ల తరబడి ఎదురుచూసిన లైసెన్సుల కాలంలో పాతదాన్ని పారేసే ప్రశ్నే లేదు. టింకరింగ్ షెడ్డులో గ్యాస్‌తో ఇత్తడి కడ్డీ కరిగించి ముక్క అతికించి, పైన పుట్టీ పెట్టేవారు. ఇత్తడి అతుకు మీద ఫ్లక్సును శుభ్రంగా కడగకపోతే అది తేమ పీల్చుకుని, పైన వేసిన లప్పాన్ని లోపలి నుంచే లేపుతుంది. మన దగ్గర ఇంకో జబ్బు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ. అది ద్రావకం ఆవిరైతే ఆరేది, గీతలూ సూది రంధ్రాలూ పూడ్చడానికి మాత్రమే. దాన్ని సొట్ట నిండా మెత్తితే పైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. నెలల తరబడి కుంగుతూ, రంగు మీద ఎమరీ పేపరు గీతల్ని మళ్లీ తేలుస్తుంది.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకూడదు, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు. దీంతో పాత ఫియట్లు, అంబాసిడర్లు చూపుకు నిలబడే సరుకయ్యాయి. చూపుకు నిలబెట్టడంలో లప్పాన్ని మించింది లేదు.

ఇంతకీ మందం లప్పం ఎందుకు చెడుతుంది? గట్టిపడిన ముద్ద నిండా కంటికి ఆనని రంధ్రాలు ఉంటాయి. వెనక నుంచి తేమ తగిలితే పీల్చి రేకుకు అందిస్తుంది. రేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, రంగు మీద పొక్కులు లేస్తాయి. వేడికి రేకు కంటే లప్పం ఎక్కువ సాగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పొరలో అది తెలియదు, 10 మిల్లీమీటర్లయితే అంచు దగ్గర పగులుతుంది. బరువు చూసినా అంతే. మామూలు లప్పం లీటరుకు దాదాపు 1.8 కిలోలు. చదరపు మీటరు మేర 3 మిల్లీమీటర్లు పూస్తే 5 కిలోలు దాటుతుంది. అంత బరువును పుచ్చిన రేకు ఎలా మోస్తుంది!

కొనేముందు పరీక్షకు గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలామందికి తెలిసిందే. ఇనుప రేకుకు అది పట్టుకుంటుంది, మందం లప్పం మీద జారిపోతుంది. సిల్లు కింది అంచు, చక్రాల తోరణాలు, తలుపుల అడుగు వరసగా చూడాలి. కానీ అయస్కాంతం సీసాన్ని కూడా పట్టదు. ఈ-టైప్ అతుకు మీద అది జారితే లప్పమని కంగారు పడనక్కర్లేదు. తొలి ఎంజీబీల బానెట్ అల్యూమినియంది, అక్కడ అసలే పట్టదు. తేడా తేల్చాలంటే చాటు చోట బ్లేడుతో గీకండి. వెండిలా మెరిసే మెత్తటి తురుము వస్తే సీసం, సుద్దలా పొడి రాలితే లప్పం. సీసమైతే గ్రైండర్ పెట్టవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందం కొలిచే మీటరుంటే పని ఇంకా సులువు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మళ్లీ రంగు వేసింది 200 నుంచి 300, వెయ్యి దాటితే లప్పం ఉన్నట్టే. తలుపు తీసి వేసి చూడటం కూడా మరవకూడదు. సిల్లు బలం పోయిన ఎంజీబీ మధ్యలో కుంగుతుంది, తలుపు సందు పైన బిగుసుకుని కింద విచ్చుకుంటుంది.

బాగు చేయడం అంటే ముందు కోయడం. గట్టి రేకు తగిలేదాకా కోయాలి. టాపు లేని కారైతే కోయకముందే తలుపు చోటుకు అడ్డంగా ఇనుప కడ్డీ బిగించి సందులు సరిచూసుకోవాలి. లేకపోతే కుంగిన వంకరలోనే కొత్త సిల్లు వెల్డింగై, తలుపు ఇక ఎప్పటికీ పడదు. ఎంజీబీలో బయటి సిల్లు ఒక్కటే మార్చడం దండగ. దాని వెనక నిలువు రేకు, కింద గాడులున్న రేకు కూడా పోయే ఉంటాయి. రేకు 0.9 మిల్లీమీటర్లది చాలు. వెల్డింగ్ సాపు చేశాక ఎపాక్సీ ప్రైమరు, దాన్ని 80 నంబరు ఎమరీతో గరుకు చేసి, ఆ పైన లప్పం 3 మిల్లీమీటర్లకు మించకుండా. ఆసిడ్ ఉండే ఎచ్ ప్రైమరు మీద మాత్రం లప్పం పెట్టకూడదు, సరిగా గట్టిపడదు.

లప్పం 100 గ్రాములకు హార్డనర్ 2 గ్రాములు. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే హార్డనర్‌లో మిగిలిన పెరాక్సైడ్ పైకి ఊరి, తెల్ల రంగు మీద పసుపు మరకలు తేలుతాయి. తక్కువైతే లోపల మెత్తగా ఉండిపోతుంది. వేసవి మధ్యాహ్నం మన షెడ్డులో బద్ద మీదే ముద్దకడుతుంది. హార్డనర్ అటూ ఇటూ చేయడం కంటే, పని తెల్లవారుజామున పెట్టుకోవడం, ముద్ద కొంచెం కొంచెంగా కలుపుకోవడం మేలు. రుద్దేటప్పుడు నీళ్లు తగలనివ్వకూడదు. వాటర్ పేపరు పని టూకే ప్రైమరు (హార్డనర్ కలిపి వేసేది) ఆరాకే.

చివరగా సిల్లు లోపల తుప్పు పట్టకుండా వ్యాక్స్ కొట్టాలి. దానికి ముందు లోపలికి ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి. అడుగు రంధ్రాల్లోంచి ఆగకుండా కారిపోవాలి. రాకపోతే ఎక్కడో వెల్డింగ్ ముక్కో, అండర్‌సీలో అడ్డం పడింది. సన్నటి తీగతో పొడిచి తెరిచి, రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు వ్యాక్స్ కొట్టాలి.