తొలితరం ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్: జో లాప్‌చిక్ విషయంలో అపోహలు - వాస్తవాలు

జో లాప్‌చిక్ పేరు మన బాస్కెట్‌బాల్ కోర్టుల్లో పెద్దగా వినపడదు. వినపడినా పక్కనే ఒకటో రెండో తప్పులు ఉంటాయి. 1900లో న్యూయార్క్‌ను ఆనుకుని ఉన్న యాంకర్స్‌లో, చెక్ వలస కుటుంబంలో పుట్టాడు. ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు. 1920ల్లో ఒరిజినల్ సెల్టిక్స్ జట్టుకు సెంటర్, అంటే మామూలుగా జట్టులో పొడుగాటివాడు ఆడే స్థానం. ఆ తర్వాత సెయింట్ జాన్స్ యూనివర్సిటీకి, న్యూయార్క్ నిక్స్‌కి కోచ్.

అపోహ: ఒరిజినల్ సెల్టిక్సే తర్వాత బోస్టన్ సెల్టిక్స్ అయింది.

పేరు తప్ప రెండింటికీ ఏ సంబంధమూ లేదు. 1914లో మాన్‌హాటన్ పడమటి పేటల కుర్రాళ్లతో న్యూయార్క్ సెల్టిక్స్ మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్యూరీ సోదరులు జట్టును మళ్లీ కట్టబోతే పాత పేరు వాళ్లకు దక్కలేదు. దాంతో ముందు ‘ఒరిజినల్’ అని తగిలించారు. బోస్టన్ జట్టు 1946లో గానీ పుట్టలేదు.

అపోహ: ప్రొఫెషనల్ అంటే అప్పట్లోనూ ఒకే జట్టు, ఏడాది జీతం.

మొదట్లో ఉన్నది మ్యాచ్‌కి ఇంత అనే లెక్కే, దాదాపు రోజు కూలీ. ఒకే ఆటగాడు ఒకే సీజన్‌లో మూడు నాలుగు జట్లకు ఆడేవాడు. ఒకే రాత్రి రెండు మ్యాచ్‌లు పడితే ఎవరెక్కువ ఇస్తే వాళ్ల వైపు. లాప్‌చిక్ కూడా అలాగే మొదలుపెట్టాడు. ఈ పద్ధతిలో పక్కన ఆడేది ఎవరో ముందురోజు దాకా తెలియదు కాబట్టి, కలిసి సాధన చేయడం కుదరదు. ఫ్యూరీ ఆటగాళ్లను సీజన్ మొత్తానికి కాంట్రాక్టులో పెట్టాకే సెల్టిక్స్‌కి అసలు బలం వచ్చింది. రోజూ అదే అయిదుగురు. మనిషికి మనిషి కాపలాలో అడ్డంగా వచ్చినవాణ్ణి మార్చుకోవడం, ఇప్పుడు మనం ‘స్విచ్’ అని అరిచేది, వాళ్లు ఆరితేరింది అందుకే. కాగితం మీద గీసి నేర్పితే వచ్చే విద్య కాదది.

అపోహ: పొడుగువాడు కాబట్టి నిలబడితే చాలు, పని జరిగిపోయేది.

1937 దాకా ప్రతి బాస్కెట్ తర్వాతా బంతి మళ్లీ మధ్య వలయానికి వచ్చి జంప్ బాల్ పడేది: రిఫరీ పైకి విసిరిన బంతి కోసం ఇద్దరు సెంటర్లూ ఎగరాలి. స్కోరు చేసిన జట్టే జంప్ కూడా గెలిస్తే అవతలివాళ్లకు బంతి ముట్టుకునే అవకాశమే ఉండదు. కాబట్టి సెంటర్ విలువ పాయింట్లలో కనపడదు. జంప్‌లో ఎత్తు ఒక పాలు, సమయం రెండు పాళ్లు. బంతి శిఖరానికి చేరినప్పుడే వేలికొసలతో తట్టాలి. పైకి వెళుతుండగా తడితే నియమోల్లంఘన, దిగేటప్పుడు తడితే అవతలివాడి చెయ్యి ముందుంటుంది. ఎవరివైపు తట్టాలో ముందే సైగ ఉండాలి. లేకపోతే గెలిచిన జంప్ కూడా వృథా.

పైగా అప్పటి బంతి లేసు కట్టినది. తోలు లోపల రబ్బరు బ్లాడర్, పైన బూటుకున్నట్టు లేసు. లేసు నేలకు తగిలితే బంతి పక్కకు పోతుంది. డ్రిబుల్ తక్కువ, పాస్ ఎక్కువ అవడానికి ఇదొక కారణం. చాలాచోట్ల కోర్టు చుట్టూ ఇనుప వలో తాడు వలో ఉండేది. బంతి బయటకు పోదు, మనుషులకు మాత్రం గీరుకుపోయేది. అమెరికా పత్రికలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ‘కేజర్స్’ అనడం అక్కడి నుంచే.

అపోహ: పివట్ ప్లే ఎవరో కోచ్ బోర్డు మీద కనిపెట్టాడు.

కాదు. 1920ల మధ్యలో సెల్టిక్స్ ఊరూరా తిరిగి ఆడుతుంటే, ఎదుటి జట్లు ఒక గార్డును ఫౌల్ లైన్ దగ్గర కదలకుండా నిలబెట్టి దారి మూసేవి. డచ్ డెనర్ట్ వెళ్లి అతని ముందు, రింగుకు వీపు పెట్టి నిలబడ్డాడు. బంతి నాకివ్వండి, మీరు రెండు పక్కలా దూసుకుపోండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నది ఏర్పాటు. వెనకున్న గార్డు కుడి నుంచి చెయ్యి చాపితే డెనర్ట్ ఎడమకు తిరిగి నేరుగా లే-అప్‌కి, అంటే రింగు దగ్గరకు వెళ్లి బంతి వేయడానికి, పోయేవాడు. ఎడమ నుంచి చాపితే కుడికి.

ఇవాళ పిల్లలకు ఇదే నేర్పుతుంటే మూడు చోట్ల చెడుతుంది. రెండు పక్కలవాళ్లూ ఒకేసారి కోస్తే (రింగు వైపు దూసుకుపోతే) పోస్ట్ దగ్గరే, అంటే డెనర్ట్‌లా వీపు పెట్టి నిలబడ్డవాడి దగ్గరే, గుద్దుకుంటారు. పాస్ ఇచ్చినవాడు ముందు, రెండోవాడు ఒక అడుగు ఆగి అతని వెనక వెళ్లాలి. కోసేవాడు పోస్ట్ మనిషికి మూరెడు దూరంగా పోతే ఆ సందులోంచి డిఫెండర్ కూడా దూరతాడు. భుజం భుజానికి రాసుకోవాలి. ఇక పోస్ట్‌లో ఉన్నవాడు బంతి అందకముందే తల తిప్పి రింగు చూస్తాడు, పాస్ చెయ్యి జారుతుంది. ముందు బంతి రెండు చేతుల్లో పొట్ట దగ్గరకు రావాలి, తర్వాతే చూపు. 1930ల్లో మూడు సెకన్ల నియమం (బంతి ఉన్న జట్టువాడు రింగు ముందున్న ‘లేన్’ అనే గడిలో అంతకు మించి నిలబడకూడదు) తెచ్చిందే పోస్ట్‌లో ఇలా పాతుకుపోవడాన్ని ఆపడానికి. రిఫరీ విజిల్ ఊదినప్పుడల్లా విసుక్కునే మన సెంటర్లు తిట్టుకోవాల్సింది డెనర్ట్‌నే!

అపోహ: డిగ్రీ లేనివాడు యూనివర్సిటీ కోచ్ కాలేడు.

లాప్‌చిక్ కాలేజీ గడప తొక్కలేదు. అయినా 1936లో సెయింట్ జాన్స్ పగ్గాలిచ్చింది. అప్పట్లో కాలేజీ జట్ల ఎన్‌సీఏఏ టోర్నీకి దీటైన మరో కాలేజీ టోర్నీ ఎన్‌ఐటీని 1943, 1944ల్లో వరసగా గెలిపించాడు. అలా వరసగా రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు అదే.

అపోహ: నిక్స్‌తో ఓడిపోయాడు కాబట్టి ప్రొఫెషనల్ కోచ్‌గా విఫలం.

1951, 1952, 1953. నిక్స్‌ని వరసగా మూడుసార్లు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. 1951లో రోచెస్టర్ జట్టు చేతిలో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, తర్వాతి మూడూ గెలిచి, ఏడో మ్యాచ్‌లో 79-75తో పోయారు. తర్వాతి రెండు ఫైనల్సూ మినియాపొలిస్ లేకర్స్‌కి, అంటే 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్‌కి. మైకన్ లాంటివాళ్లను అదుపు చేయడానికే 1951లో లేన్ వెడల్పును 6 అడుగుల నుంచి 12కి పెంచారు, అయినా ఆగలేదు. ఆ స్థాయి సెంటర్ నిక్స్‌కి లేడు. పైగా ఫైనల్స్ నాటికి వాళ్ల సొంత మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సర్కస్ దిగేది. జట్టు వెళ్లి సైనిక శిక్షణ హాల్లో ఆడుకోవాలి. దీన్ని వైఫల్యం అనడం మాకు చేతకాదు.

నల్లజాతి ఆటగాడు నాట్ క్లిఫ్టన్‌ని 1950లో నిక్స్ తీసుకోవడం వ్యాపార లెక్క మాత్రమే అన్నది ఇంకో మాట. లెక్క లేకపోలేదు. కానీ లాప్‌చిక్ సెల్టిక్స్ రోజుల్లోనే హార్లెమ్ నల్లజాతి జట్టు రెనెసాన్స్‌తో ఏళ్ల తరబడి తలపడ్డవాడు. జంప్‌కి ముందు వాళ్ల సెంటర్ టార్జాన్ కూపర్‌ని నిండు ప్రేక్షకుల ఎదుటే కౌగిలించుకున్నవాడు.

1951లో న్యూయార్క్ కాలేజీ ఆటగాళ్లు డబ్బు తీసుకుని పాయింట్ల తేడా తారుమారు చేసిన కుంభకోణం బయటపడింది. లాప్‌చిక్ ఆ వార్తల కత్తిరింపులను పుస్తకంలో అంటించి ఆటగాళ్ల చేతిలో పెట్టేవాడు. ఉపన్యాసం కన్నా అది బాగా పనిచేసి ఉంటుంది.

అపోహ: వయసు మీదపడి ఆట పట్టు తప్పాక తప్పుకున్నాడు.

1956లో సెయింట్ జాన్స్‌కి తిరిగి వచ్చి, 1959లో మళ్లీ ఎన్‌ఐటీ గెలిపించాడు. 65 నిండితే పదవీ విరమణ అన్నది యూనివర్సిటీ నియమం. 1965 మార్చిలో అతని చివరి మ్యాచ్ ఎన్‌ఐటీ ఫైనల్. సెయింట్ జాన్స్ 55, విల్లనోవా 51.