బరువు తగ్గించే ఆపరేషన్: భయం ఎక్కడ మొదలైంది?

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుంటానంటే ఇంట్లో మొదట వినిపించేది "కోరి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" అనే. ఈ భయం ఊరికే పుట్టలేదు.

1954లో అమెరికాలోని మిన్నెసోటాలో సర్జన్ ఆర్నాల్డ్ క్రెమెన్ బృందం చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని పక్కకు తప్పించే పద్ధతిని ప్రకటించింది. తిన్నది ఒంటికి పట్టదు కాబట్టి బరువు దిగేది. 1960, 70లలో ఆ ఆపరేషన్ బాగా పాకింది. కానీ ఆగని విరేచనాలు, కిడ్నీలో రాళ్లు, కీళ్లనొప్పులు వెంట వచ్చాయి. కొందరికి లివర్ పూర్తిగా దెబ్బతిని ప్రాణాలే పోయాయి. మళ్లీ కోసి పేగును మొదట ఉన్నట్టే కలపాల్సి వచ్చిన వాళ్లూ ఉన్నారు. 1980 నాటికి డాక్టర్లు దాన్ని దాదాపు వదిలేశారు. చెడ్డపేరు మాత్రం మిగిలింది.

అమెరికాలోనే అయోవాలో సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ మరో దారి పట్టారు. అల్సర్ కోసం పొట్టలో కొంత భాగం తీసేసిన రోగులు సన్నబడుతున్నారని గమనించి, 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలపడం) మొదలుపెట్టారు. 1994లో కాలిఫోర్నియా సర్జన్లు దాన్నే చిన్న రంధ్రాల ద్వారా చేసి చూపించాక పెద్ద కోతతో వచ్చే కష్టాలు బాగా తగ్గాయి. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న స్లీవ్ (పొట్టలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగల్చడం) మొదట్లో మరీ బరువున్న వాళ్లకు పెద్ద ఆపరేషన్‌కు ముందు మెట్టు మాత్రమే. చాలామందికి అదే సరిపోయింది. (కొవ్వు పీల్చేసే లైపోసక్షన్ వేరు. మన దగ్గర రెండింటినీ కలిపేసి భయపడుతుంటారు.)

అసలు ఆశ్చర్యం షుగర్ విషయంలో. బైపాస్ అయిన కొద్ది రోజులకే, బరువు ఇంకా పెద్దగా దిగకముందే చాలామందికి షుగర్ అదుపులోకి వచ్చింది. పేగుల హార్మోన్లు మారడం ఇందుకు ఒక కారణం. 1987లో మొదలైన స్వీడన్ అధ్యయనం నాలుగు వేల మందికి పైగా ఊబకాయుల్ని ఏళ్ల తరబడి గమనించింది. ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో మరణాలు తక్కువని 2007లో తేల్చింది. అమెరికాలో పలు ఆసుపత్రుల రోగులపై 2009లో వచ్చిన లెక్కలో, నెలలోపు చనిపోయింది వెయ్యికి ముగ్గురు. అనుభవమున్న సర్జన్ దగ్గర చేయించుకునే ఆపరేషన్‌ను ఆ పాత పేగు బైపాస్‌తో పోల్చడం న్యాయం కాదు.

అలాగని తేలిగ్గానూ తీసుకోకూడదు. కుట్ల దగ్గర లీకేజీ, రక్తం గడ్డకట్టడం అరుదైనా ప్రమాదమే. స్లీవ్ తర్వాత కొందరికి పులితేన్పులు, ఛాతీలో మంట పెరుగుతాయి. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం చూసుకోవాలి. బైపాస్ తర్వాత మద్యం త్వరగా ఎక్కుతుంది, తాగుడు అలవాటూ ముదరొచ్చు.

ఆపరేషన్ ఎవరికి చేయొచ్చో 1991లో అమెరికా నిపుణులు పెట్టిన గీత బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 40, జబ్బులుంటే 35. మన దేశంలో ఆరోగ్య బీమా నిబంధనలూ ఇప్పటికీ దాదాపు ఆ గీత మీదే ఉన్నాయి. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు మాత్రం ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మనకు తక్కువ బరువుకే షుగర్ వస్తుంది మరి. ఈ రెండు గీతల మధ్య ఉన్న వాళ్లకు డాక్టర్ సలహా ఇచ్చినా, బిల్లు మాత్రం సొంత జేబు నుంచే కట్టుకోవాల్సి వస్తోంది.