గడ్డి మీద బూజుకు ఆకలి పుట్టాలి

వానాకాలం చివర్లో గజపతినగరం వైపు బస్సులో వెళ్తుంటే, చెరువు పక్కకు రాగానే కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పడిపోతాయి. గోగు కట్టలు ఊరుతున్న కంపు అది. రెండు మూడు వారాలు నానాక, నడుంలోతు నీళ్లలో నిలబడి కర్ర మొదలు చితక్కొట్టి గుంజితే నార జర్రున ఊడి వస్తుంది. పుల్లకీ నారకీ మధ్య ఉండే పెక్టిన్ అనే జిగురును బాక్టీరియా తన ఎంజైమ్‌లతో కరిగించేసింది మరి. నాలుగు రోజులు ఏమరుపాటుగా వదిలేస్తే మాత్రం నార కూడా పుచ్చిపోతుంది. అసలు పీచు, అంటే సెల్యులోజ్‌ను తినే సూక్ష్మజీవులు అప్పటికి దిగిపోతాయి.

రైతు గుండె గుభేల్మనిపించే, నారను పుచ్చబెట్టే ఆ ఎంజైమ్‌కే మార్కెట్లో గిరాకీ. సెల్యులోజ్‌ను కోసి చక్కెరగా మార్చే దాని పేరు సెల్యులేజ్. జీన్స్ ప్యాంటుకు పాతబడిన రంగు తేవడానికీ, బట్టల సబ్బు పొడిలోనూ, గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికీ వాడతారు.

దీన్ని ధారాళంగా వదిలే బూజు ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో దొరికింది. సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చివికిపోతుంటే కారణం వెతికి పట్టుకున్నారు. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరుతోనే తర్వాత దాన్ని ట్రైకోడెర్మా రీసీ అన్నారు. మన రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లే ట్రైకోడెర్మా విరిడికి దాయాది.

ఈ బూజుకు గ్లూకోజ్ పెడితే ఏపుగా పెరుగుతుంది గానీ సెల్యులేజ్ దాదాపు చేయదు. వండిన అన్నం ఉండగా రోలూ రోకలీ ఎవరు తీస్తారు? పీచు తప్ప ఇంకేమీ లేనప్పుడే అది పనిముట్లు బయటికి తీస్తుంది. అందుకే సెల్యులేజ్ తయారీకి వరిగడ్డి, చెరుకు పిప్పి, మొక్కజొన్న చొప్ప పనికొస్తాయి.

చిక్కల్లా లిగ్నిన్‌తోనే. పీచు చుట్టూ గోడ కట్టినట్టు అంటుకుని ఉంటుంది. వరిగడ్డిలో సిలికా కూడా ఎక్కువే, కోసేటప్పుడు చేతులు గీసుకుపోయేది దానివల్లే. గడ్డిని ఏమీ చేయకుండా అలాగే ఇస్తే బూజు పైపైన పాకి ఊరుకుంటుంది. పాడి రైతులకు దీని విరుగుడు కొంత తెలుసు: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచుతారు. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా ఆ గోడను వదులు చేస్తుంది. ల్యాబుల్లో పలచని కాస్టిక్ సోడాతోనో, పీడనంలో ఆవిరి పట్టించో ఇదే పని త్వరగా కానిస్తారు. ఆమ్లంతో ఉడికిస్తే ఫర్ఫ్యూరల్ అనే విషం పుట్టి బూజునే చంపుతుంది, బాగా కడగాలి.

తర్వాత తడి గడ్డిని ట్రేలలో పరిచి, కాస్త తవుడు కలిపి, బూజు విత్తనం చల్లి, 28–30 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచుతారు. పొర మందంగా వేశామా, పెంటపోగులాగే లోపల వేడెక్కి బూజు చచ్చిపోతుంది. మన మే నెలలో ఏసీ లేకుండా ఇది కుదిరే పని కాదు.

చివరికి గడ్డిని నీళ్లలో పిసికి వడకడితే దిగే రసంలోనే ఎంజైమ్ ఉంటుంది. దాని సత్తా తేల్చే పరీక్షకు ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు టి.కె. ఘోష్ 1987లో ప్రచురించిన పద్ధతినే ఇప్పటికీ వాడతారు. కాగితం కూడా సెల్యులోజే కాబట్టి, 50 మిల్లీగ్రాముల ఫిల్టర్ కాగితం ముక్కను రసంలో వేసి, 50 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాలి. ఆపై పసుప్పచ్చటి డీఎన్ఎస్ (డైనైట్రోసాలిసిలిక్ ఆమ్లం) ద్రావణం పోసి మరిగిస్తారు. కాగితం ఎంత చక్కెరయ్యిందో అంతకంత ఎర్రబారుతుంది.