ఆర్వెల్ వ్యాసాలు: నాలుగు సంపుటాలు పదకొండైన వైనం

ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1950 జనవరి 21న లండన్‌లో క్షయతో చనిపోయాడు. తన జీవితచరిత్ర ఎవరూ రాయకూడదని వీలునామాలో కోరాడు. నవలలకు ఢోకా లేదు. పత్రికలకు రాసినదే చెల్లాచెదురైంది. బతికుండగా ఇంగ్లండ్‌లో వచ్చిన వ్యాస సంపుటాలు రెండే: 1940లో ఒకటి, 1946లో ఒకటి.

భార్య సోనియా, లైబ్రేరియన్ ఇయాన్ ఆంగస్ కలిసి 1968లో నాలుగు సంపుటాలు తెచ్చారు. వ్యాసాలు, కాలమ్‌లు, ఉత్తరాలు అన్నీ తేదీల వరసలో. చదువుతూ పోతే జీవితచరిత్ర లేని లోటు తీరాలన్నది ఉద్దేశం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏరి కూర్చిన పుస్తకాన్ని జనం మొత్తం మనిషిగా చదివారు. పొట్టకూటికి రాసిన సమీక్షలు చాలావరకు బయటే ఉండిపోయాయి.

బీబీసీ రాతలదీ అదే గతి. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు దాకా ఆర్వెల్ భారతదేశానికి వెళ్లే ప్రసారాల్లో పనిచేశాడు. వార్తా వ్యాఖ్య ఆయన రాస్తే చాలాకాలం మైకు ముందు చదివింది వేరేవాళ్లు. కొన్ని గుజరాతీ, మరాఠీ, బెంగాలీ, తమిళాల్లోకి వెళ్లాయి. స్క్రిప్టు మీద విధానానికొకటి, భద్రతకొకటి సెన్సారు ముద్రలుండేవి గానీ, రాసినవాడెవరో శ్రోతకు తెలిసేది కాదు. వీటిని 1985లో డబ్ల్యూ. జె. వెస్ట్ రెండు పుస్తకాలుగా వేశాడు.

మొత్తం పోగేసింది పరిశోధకుడు పీటర్ డేవిసన్. 1998లో పూర్తయిన 20 సంపుటాల్లో మొదటి తొమ్మిదీ ఆర్వెల్ పుస్తకాలవి, మిగతా 11 వ్యాసాలు, ఉత్తరాలు, డైరీలవి. సంతకం లేని రచన ఎవరిదో తేల్చడానికి శైలి ఒక్కటే చాలదు, డబ్బు లెక్క కావాలి. ఆర్వెల్ 1943 జులై నుంచి 1945 డిసెంబరు దాకా పారితోషికాల పద్దు రాసుకున్నాడు. అందులో 1943 డిసెంబరు 20న ‘ట్రిబ్యూన్’ వారపత్రికకు ఒక ప్రత్యేక వ్యాసం, 5 పౌండ్ల 5 షిల్లింగులు అని ఉంది. ఆ రోజుల్లో ఆయన పేరుతో అలాంటి వ్యాసం అచ్చవలేదు. సరిపోయింది క్రిస్మస్ సంచికలో జాన్ ఫ్రీమన్ పేరుతో వచ్చినది. మారుపేరు గుట్టు అలా బయటపడింది. పద్దు లేని ఏళ్లకు ఇంత గట్టి ఆధారం దొరకదు.

తన నవల ‘యానిమల్ ఫామ్’కు ఆర్వెల్ రాసిన ముందుమాట సంగతి ఇంకా విచిత్రం. ప్రూఫులో దానికి 8 పేజీలు ఖాళీ వదిలారు, చివరికి అది లేకుండానే పుస్తకం వచ్చింది. 1968 సంపుటాల్లోనూ లేదు, అప్పటికి దొరికితే కదా! 1972 సెప్టెంబరులో ‘టైమ్స్ లిటరరీ సప్లిమెంట్’ పత్రిక దాన్ని అచ్చు వేసింది.

డేవిసన్ సంపుటాల తర్వాత కూడా కొత్త ఉత్తరాలు బయటపడుతూనే వచ్చాయి. 2006లో అనుబంధంగా ఇంకో పుస్తకం వేయాల్సి వచ్చింది.