బడి గోడ మీద పేరు, రిజిస్టరులో సంతకం

ఊళ్లో సర్కారు బడి గోడ మీద పేరు ఒకసారి చూడండి. 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అనో, 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అనో ఉంటుంది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు చిన్న బడులు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి చేరాయి. 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి, బోర్డుకు మళ్లీ రంగు పడింది. పేరును బట్టి చూస్తే బడి స్థానిక సంస్థలది. పోస్టులు, బదిలీలు, జీతాలు మాత్రం రాజధానిలో తేలతాయి. ఈ బడిని బాగుచేసుకునే బాధ్యత ఎవరిదన్న పంచాయితీ ఇవాళ్టికీ తెగకపోవడానికి మూలం ఇక్కడుంది.

అంతకు ముందు వీధిబడులుండేవి. పంతులుకు ఇచ్చుకోగలిగిన ఇళ్లవాళ్లే ఆ బడిని నడిపేవారు. అనంతపురం సీమ కూడా కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లాలో 533 బడులున్నాయని 1823లో కలెక్టర్ క్యాంప్‌బెల్ లెక్క రాశాడు. జనం చేతిలో డబ్బాడక ఆ బడులు మూతపడుతున్నాయనీ రాశాడు. ఆ బడుల్ని తలచుకుని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. ఊరి పిల్లల్లో ఎక్కువమందికి, దళితవాడకైతే దాదాపు పూర్తిగా, ఆ అరుగు ఎక్కే వీలు లేదు.

తల్లిదండ్రులూ టీచర్లూ ఒకచోట కూర్చోవడం ఉద్యమంలా సాగింది 1990లలోనే. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ జీతగాళ్లుగా, పశువుల కాపర్లుగా, పత్తి చేలలో కూలీలుగా ఉన్న పిల్లల్ని బడికి తేవడం మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లాడూ బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. పేదవాళ్లకు పిల్లల సంపాదన కావాలి, చదువు అక్కర్లేదు అని అప్పట్లో చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేసేవారు. ఊళ్లోకి వెళ్లి అడిగితే తల్లులు చెప్పింది వేరు. పంపుదామనే ఉంది, బడిలో కూర్చోబెట్టుకోవట్లేదు, పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో వేస్తామంటున్నారు అని. అందుకే ముందు శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చే పద్ధతి పుట్టింది.

ఆ పని ఒక స్వచ్ఛంద సంస్థతో అయ్యేది కాదు. సర్కారు టీచర్లే బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి, బడి అయ్యాక ఇళ్లకూ, ఆసాముల దగ్గరకూ తిరిగారు. పిల్లలు పెరిగితే గదులు చాలవు, టీచర్లు చాలరు. అప్పుడు అదే టీచరు, అదే తల్లిదండ్రులు కలిసి మండలాఫీసుకు అర్జీ పట్టుకెళ్లారు. ఒకే అర్జీ మీద ఇద్దరి సంతకాలూ ఉండటం అప్పటికి మామూలు సంగతి కాదు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసె పురస్కారం వచ్చింది.

ఈ వేడిలోనే ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1998 నాటి పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టంతో తల్లిదండ్రులు ఎన్నుకునే విద్యా కమిటీలు వచ్చాయి. ఊరి పనుల్లో జనాన్ని కలుపుకుంటామన్న సర్కారు కార్యక్రమం 'జన్మభూమి' రోజులవి, బడి గదుల కాంట్రాక్టుల చుట్టూ జనం తిరిగే రోజులు కూడా. చాలాచోట్ల కమిటీ ఎన్నిక ఊరి పార్టీల పోటీగా మారింది.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకాస్త గట్టిగా రాసింది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బడి అభివృద్ధి ప్రణాళిక కమిటీయే తయారుచేయాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకోమన్నారు. హెడ్మాస్టరు కన్వీనర్. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ కూలికి పోయే తల్లి మధ్యాహ్నం మీటింగుకు రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. దాంతో రిజిస్టరే ఇంటికొచ్చేది, సంతకం పెట్టించుకుని పోయేది.

డబ్బు వచ్చినప్పుడు కమిటీలకు ప్రాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన బడుల బాగు పథకం 'నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడుల పనుల్ని తల్లిదండ్రుల కమిటీల చేత చేయించారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్న తండ్రులు ఆ తర్వాత బడి గేటు దగ్గర ఊరికే నిలబడేవాళ్లు కారు. తెలంగాణలో 2022లో 26 వేలకు పైగా బడుల కోసం 'మన ఊరు-మన బడి' వచ్చింది. అక్కడ పని ముందు చేసి బిల్లుల కోసం ఎదురుచూసినవాళ్ల కథలే ఎక్కువ విన్నాం. 2024లో ఆ బాధ్యత మహిళా సంఘాల అధ్యక్షురాళ్ల చేతికి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో మారింది.

ఇటుకల దగ్గర అడిగారు సరే, అసలు బడి ఉండాలా వద్దా అన్నప్పుడు అడిగారా? ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గరి హైస్కూలుకు తరలించారు. జూలైలో బడులు తెరవగానే తల్లులు గేట్లకు తాళాలేశారు, పిల్లలతో రోడ్డు మీద కూర్చున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి వెళ్లాలా అన్నది వాళ్ల ప్రశ్న. ఉపాధ్యాయ సంఘాలు కూడా వీధికెక్కాయి, వాళ్ల లెక్క పోస్టుల లెక్క. రెండు బాధలూ ఒకటి కావు, దారి మాత్రం అప్పటికి ఒకటే అయింది. "మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు సార్?" అని సర్కారు టీచర్లను అడిగే పాత ప్రశ్నను తల్లిదండ్రులు మరచిపోయారని అనుకోను. అది అడగాల్సిన ప్రశ్నే.

117 జీవో 2025లో పోయింది, దాని స్థానంలో తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడుల లెక్క వచ్చింది. ఈలోగా 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం పెట్టారు. ముగ్గుల పోటీలు, భోజనాలు, ఫొటోలు. పండగలా జరగడంలో తప్పేం లేదు, అమ్మానాన్నలు తరగతి గదిలో కూర్చుని పిల్ల నోట్‌బుక్ తిరగేశారు.

కొత్త బడుల కోసం తరగతులు కలపాల్సి వచ్చినప్పుడు కమిటీల తీర్మానాలు తీసుకోమన్నారు. మళ్లీ రిజిస్టరు, మళ్లీ సంతకం. ఈసారి ఆ కాగితంలో ఏముందో సంతకం పెట్టే తల్లికి చదివి వినిపించాల్సింది ఆ బడి టీచరే.