డెవల్యూషన్: కిందికి దొర్లే మాట

పిల్లలూ,

మొన్న డెవల్యూషన్ అంటే ఏంటని మీలో మీరు వాదించుకున్నారు కదా, ఒకరేమో అధికారాలు పంచడం అన్నారు, ఇంకొకరు ఎవల్యూషన్‌కి రివర్స్ అన్నారు. డిక్షనరీలో రెండూ ఉంటాయి. మూలం మాత్రం ఒకటే, లాటిన్‌లో కిందికి దొర్లడం. ఏది దొర్లుతోందన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది, అంతే.

ఆస్తి దొర్లితే అది లాయర్ల మాట: పోయినవాళ్ల ఆస్తి వారసులకు సంక్రమించడం. వినడానికి చప్పగా ఉంది కానీ దీని పేరు మీద ఒక యుద్ధమే జరిగింది. ఇప్పటి బెల్జియం వైపున్న బ్రబాంట్ ప్రాంతంలో మొదటి పెళ్లి పిల్లలకే ఆస్తి దక్కాలని ఒక ఆచారం ఉండేది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, తన భార్య స్పెయిన్ రాజుకి మొదటి పెళ్లి కూతురు కాబట్టి ఆ వైపున్న స్పెయిన్ భూములు ఆవిడవేనంటూ 1667లో సైన్యాన్ని దింపాడు. ఇళ్లూ పొలాల కోసం పెట్టుకున్న ఆచారాన్ని రాజ్యాలకు అంటగట్టడం, ఎంత గడుసుతనమో చూడండి! మరుసటి ఏడాది సంధి కుదిరింది, లీల్ లాంటి కొన్ని పట్టణాలు మాత్రం ఫ్రాన్స్‌కే మిగిలాయి.

ఇక పేపర్లలో ఎక్కువగా కనబడేది అధికారం దొర్లడం. 1997లో స్కాట్లాండ్ జనం ఓటేసి అడిగితే, లండన్ పార్లమెంటు 1998లో చట్టం చేసింది, 1999లో అక్కడ సొంత పార్లమెంటు మొదలైంది. చదువు, ఆరోగ్యం లాంటివి వాళ్ల చేతికి వచ్చాయి, రక్షణ, విదేశాంగం లండన్ దగ్గరే ఉండిపోయాయి. దీన్ని ఫెడరల్ పద్ధతి అనుకోకండి, చాలామంది పొరబడేది ఇక్కడే. ఫెడరల్‌లో ఎవరి వాటా ఎంతో రాజ్యాంగమే రాసిపెడుతుంది, కేంద్రం తనకు తోచినట్టు లాక్కోలేదు. డెవల్యూషన్‌లో మాత్రం ఇచ్చిన చెయ్యే చట్టప్రకారం ఆ అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఉత్తర ఐర్లాండ్‌కి 1921 నుంచీ సొంత పార్లమెంటు ఉండేది, 1972లో లండన్ దాన్ని పక్కనపెట్టి నేరుగా తనే పాలన మొదలెట్టింది.

మూడోది, ఆ రివర్స్ గొడవ. జీవులు వెనక్కి దిగజారడం అన్నది జీవశాస్త్రం ఒప్పుకోదు. చీకటి గుహల్లో చేపలకు కళ్లు పోయాయంటే అదీ ఎవల్యూషనే, ఆ చీకట్లో కళ్లతో పని లేదు కదా. ఎవల్యూషన్‌కి ఎక్కాల్సిన మెట్లేమీ లేవు, ఇక జారేదెక్కడ? కాబట్టి ఈ మాటను సోషల్ పరీక్షలో ధైర్యంగా రాయండి, బయాలజీలో రాశారో మార్కులు కట్.

మీ తాతయ్య