ఇంట్లో హత్య జరిగితే ఇంట్లో ఉన్నవాళ్లే దోషులా?

అపోహ: హత్య జరిగిన ఇంట్లో ఉన్నవాళ్లు తమ నిర్దోషిత్వాన్ని తామే నిరూపించుకోవాలి.

వాస్తవం: నేరాన్ని నిరూపించవలసింది ప్రాసిక్యూషనే. పాత సాక్ష్యాధారాల చట్టంలోని 106వ సెక్షన్, అంటే ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలోని 109వ సెక్షన్, తనకు మాత్రమే తెలిసిన సంగతిని ముద్దాయే వివరించాలంటుంది కానీ, ప్రాసిక్యూషన్ ముందుగా ప్రాథమిక ఆధారాలు చూపినప్పుడే ఆ అవసరం వస్తుంది.

నల్లగొండ కోర్టులో క్రిమినల్ కేసులు వాదించే నాకు ఈ అపోహ తెచ్చే నష్టం తరచూ ఎదురవుతుంది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకతను “మా అన్న ఆ రాత్రి బాయికాడ ఉన్నడని రాయించుండ్రి సారూ” అని పట్టుబట్టాడు. అన్న ఇంట్లోనే పడుకున్నాడని పక్కింటివాళ్లు అప్పటికే వాంగ్మూలం ఇచ్చి ఉన్నారు. అతని భయం నాకు అర్థమైంది, కానీ ఆ అబద్ధం అన్నకే ఉరి అయ్యేది. ముద్దాయి అబద్ధం ప్రాసిక్యూషన్ కేసులోని ఖాళీని పూడ్చలేదని, మిగతా సాక్ష్యాల గొలుసు పూర్తయినచోట మాత్రం అదనపు లంకె కాగలదని 1984లో శరద్ బిర్ధిచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంట్లో ఉన్నవాళ్లనే అనుమానించడం మన దగ్గరే కాదు. 1892 ఆగస్టు 4న అమెరికాలోని ఫాల్ రివర్‌లో ఆండ్రూ బోర్డెన్, ఆయన రెండో భార్య ఆబీ గొడ్డలి దెబ్బలకు చనిపోయినప్పుడు ఇంటి ఆవరణలో ఉన్నది చిన్న కూతురు లిజ్జీ, పనిమనిషి మాత్రమే. తొలి విచారణలో లిజ్జీ జవాబులకు పొంతన లేదు. అప్పటికి వైద్యుడు ఆమెకు మార్ఫిన్ ఇస్తున్నాడన్నది ఊళ్లో ఎవరికి పట్టింది? న్యాయవాది లేకుండా తీసుకున్న ఆ వాంగ్మూలాన్ని కోర్టు సాక్ష్యంగా అనుమతించలేదు. హత్యల తర్వాత కొద్ది రోజులకే ఆమె ఒక గౌను తగలబెట్టిందన్న సంగతి జ్యూరీ ముందుకు వచ్చినా, 1893 జూన్ 20న ఆమెను నిర్దోషిగా వదిలారు. అయినా తల్లికి 40, తండ్రికి 41 దెబ్బలని పిల్లలు పాట కట్టుకున్నారు. శవాల మీది గాయాలు రెండూ కలిపినా 30 దాటలేదు. 1927లో చనిపోయేదాకా ఆమె ఆ ఊళ్లోనే, ఆ అనుమానం కిందే బతికింది.

అపోహ: పోలీసుల ముందు ఒప్పుకుంటే శిక్ష ఖాయం. కాదు. ఆ ఒప్పుకోలు చెల్లదు. దాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించిన మాట వరకే చెల్లుతుంది.

అపోహ: సంశయ లబ్ధితో, అంటే నేరం మీద అనుమానం మిగిలిందని, కేసు కొట్టేశారంటే ముద్దాయి ఆ నేరం చేసే ఉంటాడు. చేసి ఉండవచ్చుననడానికీ చేసి తీరాడనడానికీ మధ్య దూరం చాలా ఉందని శారదా తీర్పే చెప్పింది.

అందుకే కేసులో చిక్కుకున్న కుటుంబాలను నేను అడిగేది ఒక్కటే: ఊరికి ఏం చెప్పాలో తర్వాత చూద్దాం, ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారో ముందు మీ వకీలుకు ఉన్నదున్నట్టు చెప్పండి.